కొత్తగా పని చేయించిన అంబాసిడర్ ఇంజన్‌లో టాపెట్ చప్పుడు: మూలం పట్టుకోవడం ఎలా?

ఇంజన్ దింపి, బోరింగ్ చేయించి, పిస్టన్లు, రింగులు, బేరింగులు కొత్తవి వేయించి, హెడ్‌ను లేత్‌కు పంపి వాల్వులు కూర్పించి, అంతా బిగించి మొదటిసారి స్టార్ట్ చేసిన రోజున టాపెట్ కవర్ కింద నుంచి టకటకమని చప్పుడు వినిపిస్తే, అప్పటిదాకా పెట్టిన డబ్బంతా కళ్ల ముందు తిరుగుతుంది. అప్పుడు చుట్టూ నిలబడిన వారిలో ఎవరో ఒకరు తప్పకుండా ఇచ్చే సలహా ఒకటుంది: టాపెట్లు కాస్త టైట్ చేస్తే, అంటే వాల్వు కాడకు, దాన్ని నొక్కే రాకర్‌కు మధ్య ఉండే గ్యాప్ తగ్గిస్తే పోతుందని. చప్పుడు నిజంగానే పోతుంది, కానీ దానికి కారణమైన లోపం అలాగే ఉండిపోతుంది. పైగా గ్యాప్ చాలని ఎగ్జాస్ట్ వాల్వు ఇంజన్ వేడెక్కి కాడ సాగినప్పుడు సీటు మీద పూర్తిగా కూర్చోదు. వాల్వు తలకు పట్టిన వేడిలో ఎక్కువ భాగం సీటు ద్వారానే హెడ్‌లోకి దిగిపోవాలి కనుక, అలా కూర్చోలేకపోయిన వాల్వు అంచు కొన్ని వందల కిలోమీటర్లలోనే కాలిపోతుంది. అందువల్ల ఏ వాల్వు దగ్గర, ఏ కారణం చేత చప్పుడు వస్తున్నదో తేలేవరకు ఆ గ్యాప్‌ను మార్చే అడ్జస్టింగ్ స్క్రూను ముట్టుకోకూడదన్నది ఈ పని మొత్తానికీ మీరు పెట్టుకోవలసిన నియమం.

ఇక్కడ చెబుతున్నది హిందుస్థాన్ మోటార్స్ ఉత్తరపారా కర్మాగారం నుంచి దశాబ్దాల పాటు వచ్చిన 1489 సీసీ పెట్రోల్ ఇంజన్ గురించి. బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్ వారి బి సిరీస్‌కు చెందిన ఈ ఇంజన్‌లో, వాల్వులను తెరిపించే మొనలున్న క్యామ్ షాఫ్ట్ బ్లాకులో ఎడమవైపు ఉంటుంది. క్యామ్ మీద గిన్నె లాంటి టాపెట్, టాపెట్‌లో పుష్ రాడ్ అనే కడ్డీ, పుష్ రాడ్ పైన తక్కెడలా ఊగే రాకర్, రాకర్ రెండో కొస కింద వాల్వు కాడ ఉంటాయి. ఈ వరుసలో ఎక్కడ అరుగుదల ఉన్నా, ఎక్కడ నూనె అందకపోయినా చివరకు వినిపించేది ఒకే రకమైన టక్కు టక్కు కావడమే ఇందులోని చిక్కు. తరువాతి కాలపు 1.8 లీటర్ల ఇసుజు ఇంజన్‌కు క్యామ్ షాఫ్ట్ హెడ్‌లోనే ఉంటుంది కనుక కింద చెప్పే కొలతలు, వరుస సంఖ్యలు దానికి వర్తించవు.

మొదలుపెట్టే ముందు

థౌ లెక్కలో ఉన్న ఫీలర్ గేజ్ సెట్టు, డయల్ గేజ్, టైమింగ్ లైటు, టార్క్ రెంచి, పొడవైన స్క్రూడ్రైవర్, మీటరు పొడవున్న సన్నని రబ్బరు గొట్టం, కాగితం, పెన్సిలు సిద్ధం చేసుకోండి. థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు. లేత్ షాపుల్లో ఇప్పటికీ ఇదే మాట నడుస్తున్నది కనుక నేనూ అదే వాడతాను. బండిని ఆరుబయట నిలిపి, న్యూట్రల్‌లో ఉంచి, హ్యాండ్ బ్రేకు వేసి, చక్రాలకు రాళ్లు పెట్టండి. నడుస్తున్న ఇంజన్ మీదికి వంగవలసి ఉంటుంది కాబట్టి భుజం మీద తువ్వాలు, వదులు చేతుల చొక్కా, మెడలో గొలుసు ఉండకూడదు. ఈ ఇంజన్ ముందున్న ఫ్యానుకు చుట్టూ కంచె ఏదీ లేదు.

తరువాత ఆయిల్ సంగతి చూడండి. డిప్‌స్టిక్ మీద మట్టం సరిగా ఉన్నదా, ప్రెషర్ గేజ్ ముల్లు లేచి నిలబడుతున్నదా, లైటు ఉన్న బండి అయితే అది వెంటనే ఆరిపోతున్నదా అన్నవి తేలకుండా చప్పుడు గురించి ఆలోచించడం వృథా. కొత్తగా కట్టిన ఇంజన్‌లో గ్యాలరీలన్నీ, అంటే నూనె పారే దారులన్నీ, ఖాళీగా ఉంటాయి. అందుకే మొదటి స్టార్టుకు ముందు ప్లగ్గులు విప్పి, సెల్ఫ్ మోటారుతో విడతలు విడతలుగా తిప్పి ప్రెషర్ రప్పించి ఉండవలసింది. మీరు ఆ పని చేయకుండా ఉంటే, స్టార్ట్ అయిన తొలి క్షణాల్లో క్యామ్, టాపెట్లు పొడిగా రాసుకున్నాయన్న సంగతి గుర్తుంచుకోండి. కింద క్యామ్ కొలతల దగ్గర అది అవసరమవుతుంది. ఆయిల్ ఫిల్టర్ నిండేవరకు రెండు మూడు సెకన్లు వినిపించి ఆగిపోయే టకటక లోపం కాదు.

అది నిజంగా వాల్వుల చప్పుడేనా?

ఇంజన్ పని చేయించిన వెంటనే వచ్చే టకటకలన్నీ టాపెట్ల నుంచే వస్తాయని అనుకోవద్దు. వేగాన్ని బట్టి మొదటి వడపోత చేయవచ్చు. క్రాంక్ షాఫ్ట్ రెండు చుట్లు తిరిగితే క్యామ్ షాఫ్ట్ ఒక్క చుట్టు తిరుగుతుంది. ఇంజన్ నిమిషానికి 800 చుట్లతో స్లోలో, అంటే యాక్సిలరేటర్ తొక్కకుండా, నడుస్తుంటే ఒక వాల్వు నిమిషానికి 400 సార్లు, అంటే సెకనుకు సుమారు 7 సార్లు టక్కుమంటుంది. క్రాంక్ షాఫ్ట్‌తో పాటు ప్రతి చుట్టుకూ మోగేది సెకనుకు 13 సార్లకు పైగా కొడుతుంది. చెవితో దీన్ని లెక్కించడం కష్టం కనుక టైమింగ్ లైటును ఏదో ఒక ప్లగ్గు వైరుకు తగిలించండి. ఒక సిలిండర్‌లో ప్లగ్గు రెండు చుట్లకు ఒకసారే మండుతుంది కాబట్టి ఆ లైటు కూడా క్యామ్ వేగంతోనే మెరుస్తుంది. మెరుపుకు ఒక టక్కు చొప్పున తాళం కలిస్తే చప్పుడు వాల్వుల వైపు నుంచి వస్తున్నదని, మెరుపుకు రెండు చొప్పున పడితే క్రాంక్ వైపు నుంచి వస్తున్నదని అనుకోవచ్చు. ఈ పరీక్ష నన్ను అరుదుగా మోసగించింది. అయితే క్యామ్ మీది ఎక్సెంట్రిక్‌తో నడిచే మెకానికల్ ఫ్యూయల్ పంపు ఉన్న బండ్లలో ఆ పంపు ఆర్మ్ కూడా ఇదే తాళంలో కొడుతుందని గుర్తుంచుకుని, స్క్రూడ్రైవర్ మొనను పంపు బాడీ మీద ఆనించి పిడిని చెవి దగ్గర పెట్టుకుని వినండి. అక్కడ మిగతా చోట్లకన్నా గట్టిగా వినిపిస్తే హెడ్ జోలికి పోనవసరం లేదు.

ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ లీకు రెండో మోసగాడు. కొత్త గ్యాస్కెట్ సరిగా కూర్చోకపోయినా, మానిఫోల్డ్ ముఖం వంగి ఉన్నా, అక్కడ నుంచి తప్పించుకునే పొగ అచ్చంగా టాపెట్ లాగే చిటపటమంటుంది. మానిఫోల్డ్ వేడెక్కి సాగేకొద్దీ ఈ చప్పుడు తగ్గుతుంది, యాక్సిలరేటర్ ఒక్కసారి తొక్కితే పెరుగుతుంది. రబ్బరు గొట్టం ఒక కొసను చెవి దగ్గర పెట్టుకుని రెండో కొసను మానిఫోల్డ్ అంచు వెంట, వేడి లోహానికి తగలకుండా నడిపించండి. లీకున్న చోట చెవిలో ఊదినట్లుంటుంది. గ్యాస్కెట్ అంచున నల్లని మసి చార ఉంటే మరో రుజువు అక్కరలేదు. వదులుగా బిగించిన ప్లగ్గు కూడా ఇలాగే చేస్తుంది.

ఇక కింది నుంచి వచ్చే బరువైన దెబ్బల సంగతి. ఒక్కో సిలిండర్ ప్లగ్గు వైరును వరుసగా తీసి, ఇంజన్ బాడీకి ఆనించి ఉంచి వినండి. వైరు తీయగానే దెబ్బ తగ్గినా, స్వభావం మారినా అది బిగ్ ఎండ్ బేరింగుదో పిస్టన్ పిన్నుదో అయి ఉంటుంది. వాల్వు చప్పుడు మాత్రం ఆ సిలిండర్ మండినా మండకపోయినా పెద్దగా మారదు. చల్లగా ఉన్నప్పుడు మొద్దుగా కొట్టి, ఇంజన్ వేడెక్కాక మాయమయ్యేది పిస్టన్ బోరులో ఊగే చప్పుడు. కొత్త బోరింగ్‌లో అది వినిపిస్తే గ్యాప్ ఎంత ఇచ్చారని లేత్ షాపును అడగవలసిందే. ముందు కవర్ వెనక నుంచి వచ్చే గలగల టైమింగ్ చైనుది.

ఏ వాల్వు?

చప్పుడు పైనుంచే వస్తున్నదని తేలాక ఇంజన్‌ను బాగా వేడెక్కించి, ఆపి, టాపెట్ కవర్ తీయండి. తీసిన కవర్‌ను పక్కన పడేయకుండా లోపలి వైపు వెలుతురులో పరిశీలించండి. మందపాటి పాత కార్కు గ్యాస్కెట్ స్థానంలో పలచటిది వేసినప్పుడు రాకరో, అడ్జస్టింగ్ స్క్రూ కొసో కవర్‌కు తగిలి, లోపల మెరిసే గీతలు పడుతుంటాయి. అలాంటి గీతలు కనబడితే మందపాటి గ్యాస్కెట్ వేయడమే వైద్యం. మిగతా పరీక్షలేవీ అవసరం లేదు. పలచని రేకు కవర్ డప్పులా పనిచేసి చిన్న చప్పుడును పెద్దగా వినిపిస్తుంది కనుక, కవర్ తీశాక అంతా కొంత నెమ్మదించినట్లు అనిపించడం మామూలే.

ఇప్పుడు కవర్ లేకుండానే ఇంజన్‌ను స్లోలో నడపండి. ఈ వేగంలో నూనె చిందడం తక్కువే అయినా, వేడి మానిఫోల్డ్ మీద పడకుండా ఆ వైపున రేకు అడ్డం పెట్టండి. రేడియేటర్ వైపు నుంచి వాల్వులకు 1 నుంచి 8 వరకు సంఖ్యలు వేసుకుని, సన్నని ఫీలర్ బ్లేడును ఒక్కొక్క రాకర్‌కు, వాల్వు కాడకు మధ్య దూర్చండి. ఏ వాల్వు దగ్గర బ్లేడు దూర్చగానే చప్పుడు ఆగుతుందో నేరస్తుడు అక్కడే ఉన్నాడు. ఎనిమిదింటి దగ్గరా తలా కొంచెం తగ్గితే మొత్తం సెట్టింగే వదులుగా ఉందని, ఎక్కడ దూర్చినా ఏమీ మారకపోతే కారణం గ్యాపులో కాక రాకర్ బుష్‌లోనో, వాల్వు కాడ జారే గైడ్‌లోనో, ఇంకా కిందనో ఉందని గుర్తించండి. అనుమానం తగిలిన రాకర్‌ను, నడుస్తుండగానే, చెక్క పిడితో షాఫ్ట్ వెంట పక్కకు మెల్లగా నొక్కి చూడండి. అప్పుడు చప్పుడు మారితే రాకర్ల మధ్య ఉండే స్ప్రింగు బలహీనపడిందని, లేదా కూర్చేటప్పుడు మరచిపోయారని అర్థం.

ఇదే సమయంలో ప్రతి రాకర్ దగ్గరా నూనె చేరుతున్నదా అని తప్పక చూడండి. రాకర్ షాఫ్ట్ బోలుగా ఉంటుంది. బ్లాకు నుంచి హెడ్ గుండా పైకి వచ్చిన నూనె ఒక స్తంభం ద్వారా ఆ షాఫ్ట్‌లోకి ఎక్కి, చిన్న రంధ్రాల నుంచి రాకర్ బుష్‌లకు అందుతుంది. కొన్ని నిమిషాలు నడిచాక కూడా రాకర్లు పొడిగా ఉంటే గ్యాప్ ఎంత సరిగా పెట్టినా చప్పుడు ఆగదు. వదిలేస్తే బుష్‌లు, షాఫ్ట్ రెండూ పోతాయి. దూరపు కొసన ఉన్న రాకర్లు మాత్రమే పొడిగా ఉంటే షాఫ్ట్‌లో మడ్డి పేరుకుని ఉండవచ్చు, లేదా షాఫ్ట్ కొసన ఉండవలసిన బిరడా ఊడిపోయి నూనె అక్కడే కారిపోతూ ఉండవచ్చు. అన్నీ పొడిగా ఉంటే షాఫ్ట్‌ను తిప్పి బిగించారేమో, హెడ్ గ్యాస్కెట్‌ను తలకిందులుగా వేశారేమో, క్యామ్ బుష్ రంధ్రం బ్లాకు రంధ్రంతో కలవలేదేమో చూడాలి.

ఈ చివరి కారణం నాకు స్వానుభవం. మా ఇంటి అంబాసిడర్‌కు పూర్తి పని చేయించినప్పుడు రెండు వారాల పాటు రోజూ సాయంత్రం టాపెట్లు సెట్ చేయడం, మరునాడు పొద్దున మళ్లీ టకటక వినడం ఆనవాయితీ అయింది. గేజ్‌లో ప్రెషర్ నిక్షేపంగా ఉంది కనుక నూనె మీద అనుమానమే రాలేదు. చివరకు కవర్ తీసి పావుగంట నడిపి చూస్తే రాకర్ల మీద పొద్దున నా చేత్తో పోసిన నూనె తప్ప కొత్త చుక్క లేదు. లేత్ షాపులో కొత్త క్యామ్ బుష్ దిగగొట్టినప్పుడు దాని రంధ్రం పక్కకు జరిగి, హెడ్‌కు వెళ్లే దారి మూసుకుపోయింది. గేజ్ చూపేది గ్యాలరీలోని ప్రెషర్‌నే కాని రాకర్ల దాకా చేరిన నూనెను కాదని అప్పుడు తెలిసింది. ఇంజన్ మళ్లీ కిందికి దిగింది.

గ్యాప్ కొలవడం, కొలత చెప్పేది వినడం

ఈ ఇంజన్‌కు మామూలుగా పెట్టే గ్యాప్ ఇన్‌లెట్‌కూ ఎగ్జాస్ట్‌కూ 15 థౌ, అంటే 0.38 మిల్లీమీటర్లు. మీ క్యామ్ షాఫ్ట్‌ను మళ్లీ గ్రైండింగ్ చేయించి ఉంటే, లేదా వేరే రకం వేసి ఉంటే, అది చేసినవారు చెప్పిన సంఖ్యే ప్రమాణం. ముందుగా ఏదీ తిప్పకుండా, ఉన్న గ్యాపులు ఎనిమిదింటినీ కొలిచి కాగితం మీద రాసుకోండి. చాలామంది మెకానిక్కులు ఈ మెట్టు దాటేసి నేరుగా స్క్రూ తిప్పుతారు. అలా చేస్తే ఏ వాల్వు ఎంత వదులుగా ఉండేదన్న ఆధారం అక్కడితో పోతుంది.

ఇంజన్‌ను చేత్తో తిప్పడానికి ప్లగ్గులు నాలుగూ తీసేయండి. హ్యాండిల్ రాడ్ పెట్టే వీలున్న పాత బండి అయితే దానితో, లేకపోతే టాప్ గేరులో వేసి, చక్రాల రాళ్లు తీసి, బండిని కొద్దికొద్దిగా తోస్తూ తిప్పవచ్చు. ఈ ఇంజన్‌లో 1, 4, 5, 8 ఎగ్జాస్ట్ వాల్వులు, 2, 3, 6, 7 ఇన్‌లెట్ వాల్వులు. పూర్తిగా తెరుచుకుని ఉన్న వాల్వు సంఖ్యను 9 నుంచి తీసివేస్తే వచ్చే సంఖ్య గల వాల్వును ఆ సమయంలో కొలవాలి. 8 తెరిచి ఉన్నప్పుడు 1, 6 తెరిచి ఉన్నప్పుడు 3, 4 తెరిచి ఉన్నప్పుడు 5, 7 తెరిచి ఉన్నప్పుడు 2. ఆ తరువాత ఇవే జంటలు తిరగబడి వస్తాయి. ఇలా చేస్తే కొలిచే వాల్వు టాపెట్ క్యామ్ గుండ్రని వీపు మీద ఉన్నదన్న భరోసా ఉంటుంది. బ్లేడు పట్టీపట్టనట్లు జారాలి. లాగితే సన్నని పట్టు తెలియాలి, తోస్తే వంగకూడదు.

బ్లేడు 15 థౌ సరిగ్గా చూపిస్తున్నా అదే వాల్వు చప్పుడు చేస్తూ ఉంటే, మొదట అనుమానించవలసింది రాకర్ ముక్కును. పాత రాకర్లనే మళ్లీ వేసి ఉంటే, వాల్వు కాడ ఏళ్ల తరబడి కొట్టిన చోట ముక్కు అడుగున చిన్న గుంట పడి ఉంటుంది. కాడ కన్నా వెడల్పైన ఫీలర్ బ్లేడు ఆ గుంటలోకి దిగకుండా, దాని రెండు అంచుల మీదా వంతెనలా కూర్చుంటుంది. బ్లేడు 15 అంటే అసలు గ్యాప్ 15 థౌకు గుంట లోతు కలిపినంత అవుతుంది. అంటే 8 థౌ గుంట ఉన్న చోట మీరు సెట్ చేసింది 23 థౌ. పని చేయించిన ఇంజన్లలో మొండి చప్పుడుకు నేను ఎక్కువసార్లు చూసిన కారణం ఇదే. ఖర్చు తగ్గించుకోవడానికి రాకర్లను వదిలేయడం సాధారణం కనుక అందులో ఆశ్చర్యం లేదు. వేలిగోటితో ముక్కు అడుగున తడిమితే మెట్టు తగులుతుంది. నిర్ధారించుకోవడానికి డయల్ గేజ్ మొనను రాకర్ ముక్కు పైభాగాన ఆనించి, చేత్తో రాకర్‌ను పైకి కిందికి ఆడించి, ముల్లు ఎంత కదిలిందో చూడండి. బ్లేడు చెప్పినదానికీ ముల్లు చెప్పినదానికీ ఉన్న తేడాయే గుంట లోతు. గుంట పలచగా ఉంటే వంపు చెడకుండా గ్రైండింగ్ చేయించవచ్చు. పైనున్న గట్టి పొర అరిగిపోయేంత లోతుగా ఉంటే రాకర్ మార్చాలి. విజయవాడ ఆటోనగర్ లాంటి చోట్ల పాత రాకర్లు దొరికినా, కొనే ముందు వాటి ముక్కులను కూడా ఇలాగే గోటితో తడమండి.

రాకర్‌ను నిలువుగా పట్టుకుని ఊపితే షాఫ్ట్ దగ్గర కదలిక తెలుస్తున్నదా చూడండి. పుష్ రాడ్, వాల్వు స్ప్రింగు రెండూ రాకర్‌ను పైకే నెడతాయి కాబట్టి షాఫ్ట్ అరుగుదల ఎప్పుడూ దాని అడుగు వైపునే ఉంటుంది. పైనుంచి చూస్తే షాఫ్ట్ కొత్తదానిలా మెరుస్తూ మభ్యపెడుతుంది.

ఇక్కడొక హెచ్చరిక. రాకర్ షాఫ్ట్‌ను విప్పవలసి వస్తే నేరుగా దాని నట్లు తిప్పకండి. స్తంభాలను పట్టి ఉంచే నట్లలో నాలుగు హెడ్‌ను కూడా పట్టి ఉంచుతాయి. మిగతా హెడ్ నట్లను వదులు చేయకుండా వాటిని మాత్రమే విప్పితే హెడ్ వంగి, గ్యాస్కెట్ పట్టు విడిచి, నీళ్లు సిలిండర్లలోకి, అడుగున నూనె ఉండే సంప్‌లోకి దిగవచ్చు. అందువల్ల రేడియేటర్ నీళ్లు దించి, హెడ్ నట్లన్నిటినీ వరుస ప్రకారం కొద్దికొద్దిగా వదులు చేసిన తరువాతే షాఫ్ట్ తీయాలి. తిరిగి బిగించేటప్పుడు టార్క్ రెంచి తప్పనిసరి.

ఎనిమిది రాకర్ల వెనక కొసల మీద అడ్జస్టింగ్ స్క్రూల మరలు లాక్ నట్ పైన ఎంతెంత కనిపిస్తున్నాయో ఒకసారి వరుసగా చూడండి. సరైన గ్యాప్ పెట్టిన తరువాత అవన్నీ దాదాపు ఒకే ఎత్తులో ఉండాలి. అన్నీ సమంగా, బాగా పైకి వచ్చి ఉంటే హెడ్ ఫేసింగ్‌లో, అంటే దాని అడుగును చదును చేసేటప్పుడు, ఎక్కువ కోశారని తెలుస్తుంది. హెడ్ కిందికి దిగితే అదే పుష్ రాడ్ పొడవైనట్లే కదా. ఒక్కటి మాత్రమే పైకి ఉంటే ఆ వాల్వు సీటును లోతుగా కోసి, కాడ పైకి వచ్చిందని అనుకోవచ్చు. ఒక్కటి మాత్రమే బాగా లోపలికి దిగి ఉంటే జాగ్రత్త పడండి: పుష్ రాడ్ వంగి ఉండవచ్చు, లేదా టాపెట్ ముఖం అరిగి ఉండవచ్చు. పుష్ రాడ్‌ను బయటికి తీసి గాజు పలక మీద దొర్లిస్తే వంపు ఇట్టే తెలుస్తుంది.

గ్యాప్ సరే, రాకర్లు సరే, చప్పుడు మాత్రం అలాగే

ఇక క్యామ్ వైపు చూడక తప్పదు. గ్యాప్ కొలిచేది క్యామ్ వీపు మీద, అరిగేది క్యామ్ మొన. కాబట్టి మొన ఎంత అరిగినా ఫీలర్ గేజ్ ఏమీ చెప్పదు. డయల్ గేజ్‌ను వాల్వు స్ప్రింగు పైమూత మీద నిలువుగా ఆనించి, ఇంజన్‌ను చేత్తో తిప్పుతూ ప్రతి వాల్వు ఎంత దిగుతున్నదో రాసుకోండి. ఇన్‌లెట్లను ఇన్‌లెట్లతో, ఎగ్జాస్ట్‌లను ఎగ్జాస్ట్‌లతో పోల్చండి. నాలుగింటిలో మూడు ఒకే మాట చెబుతూ ఒకటి 10 థౌకు మించి తక్కువ చూపిస్తే ఆ క్యామ్ మొన అరుగుతున్నట్లే. గ్యాప్ సరిగా పెట్టిన వాల్వు వంద కిలోమీటర్లు తిరక్కముందే మళ్లీ వదులవుతుంటే టాపెట్ ముఖం కరిగిపోతున్నదని అర్థం చేసుకోండి. ఆయిల్‌ను పరిశుభ్రమైన తెల్ల పళ్లెంలోకి దించి, అందులో అయస్కాంతం తిప్పితే నల్లని సన్నని పొడి అంటుకుంటుంది.

దీనికి సాధారణంగా దారి తీసేది కొత్త క్యామ్ షాఫ్ట్ కింద పాత టాపెట్లు వేయడం. టాపెట్ ముఖం చూడ్డానికి చదునుగా ఉన్నా కంటికి ఆననంత ఉబ్బుగా ఉంటుంది, క్యామ్ మొన కూడా కంటికి ఆననంత ఏటవాలుగా ఉంటుంది; టాపెట్ పైకి లేస్తూనే తన చుట్టూ తాను తిరగడానికి ఆ ఏర్పాటు. ఒక మొనతో రాసుకుని అరిగిన టాపెట్‌ను మరో మొన మీద పెడితే అది తిరగదు, ఒకే గీతలో రాసుకుని రెండూ పోతాయి. కొత్త జత ఒకదానికొకటి అలవాటు పడాలంటే మొదటి స్టార్ట్ కాగానే స్లోలో వదిలేయకుండా, 20 నిమిషాల పాటు 2000 చుట్ల పరిసరాల్లో నడపాలి, ఎందుకంటే ఈ ఇంజన్‌లో క్యామ్ మీదికి నూనె ఎక్కువగా క్రాంక్ విసిరే తుంపరల వల్లే చేరుతుంది. నూనె ఎంపికలోనూ జాగ్రత్త కావాలి. క్యామ్‌ను కాపాడే జింక్, ఫాస్ఫరస్ పదార్థం ఈనాటి పలచని పెట్రోల్ ఆయిళ్లలో తక్కువ. ఈ ఇంజన్‌కు అలవాటైన 20డబ్ల్యు50 గ్రేడులో ఆ పరిమితి అంత గట్టిగా వర్తించదు కనుక, కొత్తదని చెప్పి పలచటి ఖరీదైన నూనె పోయించడం కన్నా అదే మేలు.

టాపెట్లను చూడటానికి ఈ ఇంజన్‌లో హెడ్ దింపనవసరం లేకపోవడం ఒక వెసులుబాటు. కార్బురేటర్, మానిఫోల్డ్ తీస్తే బ్లాకు ఎడమ పక్కన టాపెట్ గది మూతలు కనబడతాయి. పుష్ రాడ్లు తీసేశాక ఆ మూతల గుండా టాపెట్లను ఒక్కొక్కటిగా పైకి ఎత్తి బయటికి తీయవచ్చు. ఏది ఏ బోరులోదో గుర్తు పెట్టి ఉంచండి. ముఖం మీద మధ్యలో గుంట, పొక్కులు, లేదా ఒకే దిక్కున గీతలు ఉంటే టాపెట్లు మాత్రమే మార్చి సరిపెట్టుకోవాలన్న ఆశ వదులుకోండి; క్యామ్ షాఫ్ట్ కూడా బయటికి రావలసిందే, సంప్ కడగవలసిందే, ఆ పొడి బేరింగుల దాకా వెళ్లిందేమో చూడవలసిందే.

క్యామ్ కూడా బాగుంటే మిగిలేది హెడ్. చల్లగా ఉన్నప్పుడు నిశ్శబ్దంగా ఉండి, బాగా వేడెక్కాక ఒక్క వాల్వు మాత్రమే టక్కుమంటూ, ఇంజన్ మధ్యమధ్య మిస్ అవుతుంటే, కొత్త గైడ్‌ను చాలినంత రీమర్ చేయకుండా, అంటే దాని రంధ్రాన్ని సరిపడా పెద్దది చేయకుండా, వదిలేశారని అనుమానించాలి. బిగుసుకున్న గైడ్‌లో కాడ పట్టేసి ఆలస్యంగా మూసుకుంటుంది. దీనికి విరుగుడు రీమరే కాని, నడిపితే అదే సర్దుకుంటుందని వేచి ఉండటం కాదు. ఏ లెక్కకూ అందకుండా ఒకసారి వినిపించి, ఒకసారి మాయమై, మళ్లీ గట్టిగా తిరిగి వచ్చే చప్పుడుకు కొత్తగా దిగగొట్టిన సీటు రింగు వదులు కావడం కారణం కావచ్చు. ఆ రింగు ఊడితే పిస్టన్, హెడ్ రెండూ పోతాయి. దాని మీద అనుమానం కలిగిన మరుక్షణం బండిని నడపడం మాని, హెడ్ దింపించండి. విరిగిన వాల్వు స్ప్రింగును మాత్రం టార్చి వెలుతురులో ఒక్కో చుట్టూ చూసి కంటితోనే పట్టుకోవచ్చు.

కారణం దొరికి, సరిచేసి, గ్యాపులు పెట్టాక కూడా పని ఒక్కసారితో ముగియదు. లాక్ నట్ బిగించేటప్పుడు స్క్రూ దానితో పాటు కొంచెం తిరుగుతుంది కనుక, బిగించిన తరువాత ప్రతి వాల్వునూ మళ్లీ కొలవండి. సుమారు 500 కిలోమీటర్లు తిరిగాక ఇంజన్ పూర్తిగా చల్లారిన పొద్దుటి పూట హెడ్ నట్లను వరుస ప్రకారం, మాన్యువల్‌లో ఇచ్చిన టార్కుకు మళ్లీ బిగించండి. కొత్త గ్యాస్కెట్ అణగడం వల్ల హెడ్ కొద్దిగా కిందికి దిగి ఉంటుంది. దానితో గ్యాపులు వదులు కావు, తగ్గుతాయి. అందుకే టార్క్ అయిన వెంటనే ఎనిమిదింటినీ మొదటి కాగితంతో పోల్చి తిరిగి 15కు తెచ్చి, కొత్త సంఖ్యలను తేదీతో సహా అదే కాగితం మీద రాసి గ్లవ్ బాక్సులో ఉంచండి. ఆ తరువాత వినిపించే సన్నని, ఎనిమిదింటి నుంచీ సమంగా వచ్చే టిక్కుటిక్కు ఈ ఇంజన్‌కు సహజమైనదే.